బ్రేకులు బాగుచేయించాలా, మార్చిపారేయాలా?

ఏడాది క్రితం దాకా ఈ ప్రశ్నకి నా దగ్గర ఖచ్చితమైన సమాధానం ఉండేది. మార్చిపారేయాలి, అంతే. బ్రేకుల దగ్గర బేరాలేంటి, పిసినారితనమేంటి అనేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అంత ధైర్యంగా నోట రావడంలేదు. అలాగని దానికి ఎదురు మాట కూడా రావడంలేదు. మొన్నామధ్య ఆఫీసులో భోజనాల దగ్గర పాత కార్ల ప్రస్తావన వస్తే మా టీములో కుర్రాడొకడు "అన్నా, ఈ రోజుల్లో కూడా బ్రేక్ పార్టులు రిపేరు చేయించేవాళ్ళు ఉంటారా?" అన్నాడు. ఉంటారు నాయనా, ఇప్పుడు వాళ్ళలో నేనూ ఒకణ్ణి అని మొదలుపెట్టి ముప్పావుగంట వాడి బుర్ర తిన్నా. ఆ తిన్నదాన్నే కాస్త వరసలో పెట్టి రాస్తున్నా.

ముందు బండి సంగతి చెప్పాలి. మాది కొల్లేటికోట. పెద్దింట్లమ్మ తల్లి గుడి ఉన్న ఊరంటే చాలామందికి తెలుస్తుంది. నాన్న దగ్గర 1978 అంబాసిడర్ ఉంది, మార్క్ 3. పెట్రోలు బండి, గేరు రాడ్డు స్టీరింగ్ పక్కన. లంకలకి పడవలే దిక్కైన రోజుల్లో ఈ కారు ఆకివీడులో మా మేనత్త గారింట్లో ఉండేది, మేము ఇక్కడ ఉండేవాళ్ళం. రోడ్డొచ్చాకే అది ఇంటికొచ్చింది. ఇప్పుడు పాకలో ఉంటుంది. పెళ్ళిళ్ళకీ, ఫాల్గుణంలో అమ్మవారి జాతరకీ, ఎవరైనా రైలు దిగితే తీసుకురావడానికీ బయటికొస్తుంది. మిగతా ఏడాదంతా గోనెపట్టా కప్పుకుని నిద్ర.

పాత బండికి ఎక్కువ తిరగడం కంటే ఈ నిద్రే పెద్ద జబ్బు అన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మనం "బ్రేక్ ఆయిల్" అంటాం గానీ అది అసలు ఆయిలే కాదు. గ్లైకాల్ జాతి ద్రవం. దానికున్న దుర్గుణం ఏంటంటే గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తది కనీసం 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలని ప్రమాణం. అదే అందులో 3.7 శాతం నీరు చేరాక 140 డిగ్రీలు ఆగితే చాలంటారు. డాట్ 4 అయితే 230, 155. అంటే నీరు చేరుతుందని ప్రమాణం రాసినవాళ్ళకే ముందే తెలుసు. మరిగితే ఆవిరి పుడుతుంది, ఆవిరి నొక్కుకుంటుంది, పెడల్ స్పాంజిలా లోపలికెళ్తుంది. ఇది ఘాట్ రోడ్డు మీద సమస్య. మా కొల్లేట్లో ఘాట్లు లేవు కదా అని సంతోషించక్కర్లేదు. మాది వేరే సమస్య. ఆ నీరు సిలిండర్ అడుగున చేరి పోత ఇనుముని తినేస్తుంది. చుట్టూ చేపల చెరువులు, ఎండాకాలంలో కూడా పొద్దున్నే చెమ్మ. అలాంటిచోట ఆర్నెల్లు కదలకుండా నిలబడ్డ బండిలో, రబ్బరు కప్పు ఎక్కడ ఆగి ఉందో సరిగ్గా దాని పక్కనే గుంటలు పడతాయి. నడిచే బండిలో కప్పు అటూ ఇటూ తిరుగుతూ ఆ గోడని శుభ్రంగా ఉంచుతుంది.

సరే, అసలు కథకొస్తా. నిరుడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు వెనక ఎడమ చక్రం లోపలి వైపు తడి కనబడింది. వీల్ సిలిండర్ కారుతోంది. కైకలూరు వైపు ఒక మేస్త్రి గారున్నారు, నాన్నకి నలభై ఏళ్ళ పరిచయం, నేను చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తా. ఆయన డ్రమ్ము విప్పి, సిలిండర్ ఊడదీసి, వేలు పెట్టి తడిమి "హోనింగ్ కొట్టి కిట్టు వేస్తే సరిపోద్ది బాబూ. బాడీ మంచిది, పాత గిర్లింగు" అన్నాడు. కిట్టు అంటే లోపలి రబ్బరు కప్పులు, దుమ్ము పడకుండా పైన వేసే రబ్బరు తొడుగులు. కొత్త సిలిండర్ ఖరీదులో నాలుగో వంతు కూడా ఉండదు.

నాకు నచ్చలేదు. అమ్మా నాన్నా తిరిగే బండి. వారానికోసారి డెబ్బై గంటలు పనిచేసి సంపాదిస్తున్నది బ్రేకుల దగ్గర ఆదా చేయడానికా? పైగా పోయినసారి ఆయన పార్టుల్ని కిరసనాయిల్లో కడగడం నా కళ్ళతో చూశా. ఖరాఖండిగా చెప్పేశా, నాలుగు చక్రాల సిలిండర్లూ కొత్తవే వేద్దామని. ఫోన్లో ఆర్డర్ పెట్టా. ఎవరు తయారుచేశారో పెట్టె మీద సరిగ్గా రాసి లేదు, కానీ మెరుస్తున్నాయి. మన కళ్ళకి మెరుపు చాలు కదా! మాస్టర్ సిలిండర్ మాట ఆయనే ఎత్తాడు. "దాన్నీ ఓసారి విప్పుదామా బాబూ?" అన్నాడు. అది కారడం లేదు, పెడల్ గట్టిగానే ఉంది. పనిచేస్తున్నదాన్ని ముట్టుకోకూడదు అన్నది మా వృత్తిలో మొదటి సూత్రం. వద్దన్నా.

జాతరలో మూడో రోజు. అక్కా బావా పిల్లలూ ఆకివీడులో రైలు దిగారు. తీసుకొస్తున్నా. ముందు సీట్లో అమ్మ, వెనక కిక్కిరిసి మిగతావాళ్ళు. రెండు పక్కలా చెరువులు, మధ్యలో గట్టు రోడ్డు, జాతరకి నడిచివెళ్ళే జనం, ఆటోలు, ఐసు పెట్టెల ట్రాక్టర్లు. ముందు ట్రాక్టరు ఆగింది. బ్రేకు నొక్కా. పెడల్ మొదట్లో కాస్త ఆగినట్టే ఆగి, మెల్లగా నేలకి దిగిపోయింది. రెండోసారి నొక్కినా అంతే. పెద్ద వేగం లేదు గాబట్టి బతికిపోయాం. మూడు, రెండు గేర్లకి దించి, హ్యాండ్ బ్రేకు లాగితే, ట్రాక్టరు ట్రక్కుకి బారెడు దూరంలో ఆగింది బండి. (అంబాసిడర్ హ్యాండ్ బ్రేకు తీగతో వెనక షూలని లాగుతుంది, దానికి ఆయిల్‌తో సంబంధం లేదు. అది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం అందరూ మర్చిపోయే పని. నాన్న మర్చిపోలేదు.) వెనకాల పిల్లలకి ఏం జరిగిందో కూడా తెలీదు. అమ్మకి తెలిసింది. ఏమీ అనలేదు, ఇంటికెళ్ళేదాకా డాష్‌బోర్డు మీద నుంచి చెయ్యి మాత్రం తియ్యలేదు.

ఇంటి దగ్గర బానెట్ ఎత్తి చూస్తే బ్రేక్ ఆయిల్ నిండుగా ఉంది. చక్రాల దగ్గర చుక్క కారలేదు. అన్నీ కొత్త సిలిండర్లు, ఆయిల్ నిండా ఉంది, పైపులు పొడిగా ఉన్నాయి, బ్రేకు మాత్రం లేదు! లాగ్‌లో ఎర్రర్ లేకుండా ప్రొడక్షన్ పడిపోయినట్టు.

బాబాయ్ వచ్చి మాస్టర్ విప్పి చూపించాడు. లోపలి కప్పు అంచు చీలి ఉంది. ఆయిల్ బయటికి పోవడంలేదు, కప్పుని దాటుకుని వెనక్కి వెళ్ళిపోతోంది, అంతే. ఎందుకు చీలిందన్నదే అసలు పాఠం. మామూలుగా తోలేటప్పుడు పెడల్ సగం దాకే వెళ్తుంది. నలభై ఏళ్ళుగా ఆ కప్పు మాస్టర్ గొట్టంలో మొదటి సగంలోనే తిరిగింది. అక్కడ గోడ అద్దంలా ఉంది. రెండో సగంలో కప్పు ఎప్పుడూ వెళ్ళని చోట, నీరు చేరి తుప్పు గరుకులు. మేము కొత్త సిలిండర్లు వేసి గాలి తీసేటప్పుడు (నిపిల్ వదులు చేసి, ఒకళ్ళు పెడల్ తొక్కుతూ ఒకళ్ళు నిపిల్ బిగిస్తూ చేసే పని) నేను సీట్లో కూర్చుని పెడల్‌ని నేలకంటా తొక్కా. నాలుగు చక్రాలకీ కలిపి ఎన్నిసార్లు తొక్కానో లెక్కలేదు. ప్రతి తొక్కుకీ ఆ కప్పు తుప్పు మీద గీసుకుంది. అంటే నేను కొత్తవి వేయించడం వల్లే, ముట్టుకోని పాతది పోయింది. పెడల్ కింద చెక్కముక్క పెట్టి సగమే తొక్కితే ఈ గొడవ ఉండదని పాతకాలం మేస్త్రులందరికీ తెలుసట. బాబాయ్ ఆ రోజు నిపిల్ దగ్గర కింద పడుకుని ఉన్నాడు, నేను పైన ఉత్సాహంగా ఉన్నా.

ఈ తప్పు పార్టులు అమ్మినవాడిదీ కాదు, మేస్త్రిదీ కాదు. మాస్టర్ విప్పుదామని అడిగిన మనిషికి వద్దని చెప్పింది నేను.

మా బండిలో మాస్టర్ ఒకే గదిది. అది పోతే నాలుగు చక్రాలకీ ఒకేసారి బ్రేకు పోతుంది. అమెరికాలో 1968 నుంచి రెండు విడి సర్క్యూట్లు తప్పనిసరి చేశారు, ఒకటి పోయినా రెండోది రెండు చక్రాలనైనా ఆపుతుందని. మనవాళ్ళ పాత బండ్లకి ఆ భాగ్యం లేదు. మాకు తెలిసిన భాషలో చెప్పాలంటే ఇది సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. అంతమాట తెలిసీ నేను సరిగ్గా ఆ ఒక్క పాయింటునే చూడకుండా వదిలేశా. ఉద్యోగంలో ఇలాంటి పని చేస్తే రివ్యూలో నన్ను ఉతికి ఆరేసేవాళ్ళు.

ఇప్పుడు వాదనలోకి వస్తా.

మనవాళ్ళందరికీ జోయెల్ స్పోల్‌స్కీ 2000 ఏప్రిల్‌లో రాసిన వ్యాసం గుర్తుండే ఉంటుంది. నెట్‌స్కేప్ వాళ్ళు ఉన్న కోడుని పక్కనబెట్టి మొదటినుంచీ రాయడానికి కూర్చోవడం మహా తప్పని ఆయన తేల్చాడు. నాలుగో వెర్షన్ తర్వాత ఐదు రానేలేదు, ఆరు వచ్చేసరికి 2000 నవంబరు అయింది. పాత కోడులో వికారంగా కనిపించే ప్రతి లైను వెనకా ఎవరో ఎప్పుడో కష్టపడి పట్టుకున్న ఒక బగ్గు ఉంటుందని ఆయన వాదన. నేను ఆ వాదనకి వీరాభిమానిని. పదిహేనేళ్ళుగా మీటింగుల్లో రీరైట్ అన్న మాట వినబడితే చాలు, ఎదురు తిరుగుతా. మరి అలాంటివాణ్ణి కారు దగ్గరికొచ్చేసరికి మొత్తం మార్చేద్దాం అని ఎలా అన్నానో నాకే ఆశ్చర్యం. ఆలోచిస్తే కారణం సిగ్గుపడేదే. కోడు నాకు తెలుసు, ఇనుము తెలీదు. తెలియని విషయంలో కొత్తది కొనడం జాగ్రత్తలా కనిపిస్తుంది. మేనేజర్లు రీరైట్ అనేదీ అందుకే గామోసు.

కానీ ఈ పోలికని ఎక్కువ దూరం లాగకూడదు. కోడు తుప్పు పట్టదు. పదేళ్ళు ఎవరూ నడపకపోయినా అందులో అక్షరం మారదు, చుట్టూ ప్రపంచం మారుతుంది గానీ. రబ్బరు అలా కాదు, పెట్టెలో కూర్చున్నా ముసలిదవుతుంది. ఇంకోటి, కోడులో తప్పు చేస్తే రోల్‌బ్యాక్ ఉంది, టెస్ట్ సర్వర్ ఉంది. బ్రేకులకి టెస్ట్ సర్వర్ గట్టు రోడ్డే, అందులో మా అమ్మే కూర్చుని ఉంది. అందుకని స్పోల్‌స్కీని అడ్డం పెట్టుకుని "పాతదే బంగారం" అనేవాళ్ళతో కూడా నాకు పడదు.

నా మటుకు నాకు తేలిందేంటంటే, బాగుచేయించాలా మార్చాలా అని మొత్తం బ్రేకుల గురించి అడగడమే తప్పు. ఒక్కో ముక్కనీ విడిగా అడగాలి.

రబ్బరు దగ్గర చర్చే లేదు. కప్పులు, తొడుగులు, చక్రాల దగ్గర వంగే హోస్ పైపులు ఎంత బాగున్నట్టు కనబడినా విప్పితే కొత్తవే. ముఖ్యంగా హోసు పైకి నిగనిగలాడుతూ లోపల ఉబ్బి మూసుకుపోతుంది. నొక్కినప్పుడు ఆయిల్ వెళ్తుంది, వదిలినప్పుడు తిరిగి రాదు, చక్రం పట్టేసుకుంటుంది. దాన్ని బాగుచేయడమన్నదే లేదు. "ఎప్పట్నుంచో అటక మీద ఉన్న ఒరిజినల్ కిట్టు, సీలు కూడా విప్పలేదు" అని మురిసిపోయి కొనేవాళ్ళని చూస్తుంటా. ముప్పై ఏళ్ళ కిందటి సీలు విప్పని రబ్బరు, ముప్పై ఏళ్ళ కిందటి పాల పొడి డబ్బా లాంటిది. బ్రేక్ ఆయిల్ కూడా అంతే, రెండేళ్ళకోసారి మొత్తం తీసి కొత్తది పొయ్యడమే. కారు నడిచినా నడవకపోయినా. సీసా మూత తీసి నెలల తరబడి షెడ్డులో పెట్టిందాన్ని పొయ్యకూడదు. అది గాలిలో తేమని అప్పటికే తాగేసి ఉంటుంది. దీన్ని ఆయిల్ అని పిలవడం వల్ల ఇంకో ప్రమాదం కూడా ఉంది. తగ్గిందని ఎవడో ఒకడు ఇంజనాయిల్ పోస్తాడు. ఖనిజ నూనె తగిలితే ఆ రబ్బరు ఉబ్బి పాడైపోతుంది. బాబాయ్ కిరసనాయిల్లో కడగడం మీద నా కోపం కూడా అందుకే, ఆ ఒక్క విషయంలో నాదే రైటు. ఇనుమునైతే దేంతోనైనా కడుక్కో, ఆఖర్న స్పిరిట్‌తో తుడువు, రబ్బరుని మాత్రం బ్రేక్ ఆయిల్‌తోనే తడుపు. ఈ మాట చెబితే ఆయన "అట్నే కానియ్యండి బాబూ" అన్నాడు గానీ ఒప్పుకున్నట్టు అనిపించలేదు.

ఇనుము దగ్గర కథ వేరు. పాత సిలిండర్ బాడీ అంటే పోత ఇనుము ముద్ద, మధ్యలో నున్నటి రంధ్రం. దానిలో అరిగేది ఆ రంధ్రం ఒక్కటే. మన దేశంలో ఈ గిర్లింగ్ సరుకు 1962లో మద్రాసు పాడిలో టీవీయస్ వాళ్ళూ, ఇంగ్లండు లూకాస్ వాళ్ళూ కలిసి పెట్టిన బ్రేక్స్ ఇండియా నుంచి వచ్చేది. ఆ పాత పోతల నాణ్యత చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. హోనింగ్ అంటే మూడు సన్నటి రాళ్ళున్న పనిముట్టుని లోపల తిప్పి ఆ రంధ్రం గోడని నున్నగా చేయడం. పైపై మచ్చలుంటే పోతాయి. గోరుకి తగిలే గుంట ఉంటే, అదీ కప్పు అంచు తిరిగే దారిలో ఉంటే, ఆ సిలిండర్‌ని హోనింగ్‌తో కాపాడలేం. గుంట పోయేదాకా కొడుతూపోతే రంధ్రం పెద్దదై కొత్త కప్పు వదులవుతుంది. "ఇంకాస్త కొడితే పోద్ది" అనే మేస్త్రి దగ్గర్నుంచి బండి తీసుకుని వచ్చెయ్యాలి. ఎమరీ కాయితం వేలికి చుట్టి రుద్దేవాడైతే, అసలు ఇవ్వనేకూడదు.

గుంటలు పడ్డ బాడీకి ఇంకో దారి స్లీవ్. రంధ్రాన్ని లేత్ మీద పెద్దది చేసి, అందులో స్టెయిన్‌లెస్ స్టీలుదో ఇత్తడిదో గొట్టం బిగించి, దాన్ని మళ్ళీ అసలు కొలతకి తేవడం. విదేశాల్లో పాత కార్ల వాళ్ళు దీన్నే పెద్ద వ్యాపారంగా చేస్తారు. మనకి విజయవాడ ఆటోనగర్‌లో చెయ్యగలిగిన చేతులున్నాయి. సరిగ్గా చేస్తే అది కొత్తదానికంటే మెరుగు, ఎందుకంటే ఆ లోపలి గోడకి పాత ఇనుములా తుప్పు భయం లేదు. మా కొల్లేటి తేమకి అంతకన్నా కావాల్సిందేముంది! సరిగ్గా చెయ్యకపోతే గొట్టం వెనక నుంచి ఆయిల్ ఊరుతుంది, మాస్టర్‌లో అయితే ఆయిల్ దిగే సన్న రంధ్రం మళ్ళీ వేసేటప్పుడు లోపల గరుకు మిగిలి కప్పుని కోసేస్తుంది. అందుకని స్లీవ్ వేసినవాడు ఆ రంధ్రం అంచుని ఎలా నున్న చేశాడో అడిగి మరీ తెలుసుకోవాలి. సమాధానం చెప్పడానికి విసుక్కుంటే ఇంకో షాపు చూసుకోవడమే.

ఇక కొత్తవి. అంబాసిడర్ 1957లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ అచ్చు నుంచి మొదలై, 2014 మే నెలలో ఉత్తరపారా ఫ్యాక్టరీ ఆగేదాకా నడిచింది. 2017లో ఆ పేరుని 80 కోట్లకి ప్యూజో వాళ్ళకి అమ్మేశారు. ఇప్పుడు "కొత్త" అని అమ్మే విడిభాగాల్లో కొన్ని పేరున్నవాళ్ళు చేసినవి, కొన్ని ఎక్కడో మూలపడ్డ పాత సరుకు, కొన్ని ఎవరు చేశారో దేవుడికే తెలియాలి. ఈ మూడూ ఒకే రకం పెట్టెలో వస్తాయి. నేను తెప్పించినవాటిని తర్వాత బాబాయ్ ఒక్కొక్కటీ విప్పితే, రెండింట్లో లోపల లేత్ గీతలు కంటికే కనబడ్డాయి, అంటే ఫినిషింగ్ చెయ్యకుండానే కప్పు తోసేశారు. ఒకదానికి నిపిల్ కూర్చునే చోటు వంకర. మిగతావి బాగానే ఉన్నాయి. అంటే కొత్తవాటినీ విప్పి, చూసి, కడిగి, మళ్ళీ బిగించాలి. అలా చేశాక మనం చేసింది రిపేరా, రీప్లేస్‌మెంటా? పేరు ఏదైనా పని ఒకటే. కొత్తది కొన్నందువల్ల తనిఖీ బాధ్యత తీరిపోయిందనుకోవడమే నేను చేసిన రెండో తప్పు. పరాయి లైబ్రరీని కోడు చూడకుండా డిపెండెన్సీలో కలిపేసుకునే మన అలవాటు ఇక్కడికీ వచ్చిందన్నమాట :)

అలాగని కొత్త సరుకంతా చెత్త అనను. ఇంగ్లండులో మోరిస్ మైనర్ బండ్లు ఈ రోజుకీ తిరుగుతున్నాయంటే కొత్తగా తయారుచేసిన భాగాలే పెద్ద కారణం. 1990లలో శ్రీలంకలో ఒక ఫ్యాక్టరీ ఆ బండి బాడీ రేకులు కొట్టి ఇంగ్లండుకి పంపేది. వాడేవాళ్ళు సంఘాలుగా ఉండి, ఏ కంపెనీ కప్పు మంచిది ఏది కాదు అని మొహమాటం లేకుండా చెప్పుకుంటారు. మనకి అంబాసిడర్లు అన్ని లక్షలు తిరిగినా ఆ అలవాటు రాలేదు. మన దగ్గర ఆ జ్ఞానమంతా బాబాయ్ లాంటి వాళ్ళ వేళ్ళ చివర ఉంది, కాయితం మీద లేదు. డాక్యుమెంటేషన్ లేని సిస్టమ్‌కి మెయింటెనెన్స్ ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా. ఆయనకి డెబ్బై దాటాయి, కొడుకు చేపల మేత కంపెనీలో పనిచేస్తున్నాడు.

మూడో దారి చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. ఈ డ్రమ్ములన్నీ తీసిపారేసి వేరే బండి డిస్కు బ్రేకులు పెట్టెయ్ అని. ఆపే శక్తి పెరుగుతుంది, కాదనను. కానీ డిస్కు పెట్టి పాత మాస్టర్ ఉంచితే కుదరదు. డిస్కుకి ఎక్కువ ఆయిల్ తొయ్యాలి, ఎక్కువ ఒత్తిడి కావాలి. డ్రమ్ము బండి మాస్టర్‌లో చాలావాటికి పైపుల్లో కాస్త ఒత్తిడి నిలబెట్టే వాల్వు ఉంటుంది, డిస్కుకి అది ఉంటే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. ముందు వెనకల మధ్య పాళ్ళు మారిపోతాయి. మళ్ళీ నా కథే, ఒక మూల మార్చి ఇంకో మూల వదిలేయడం. పైగా 2019 జనవరిలో సుప్రీంకోర్టు, కంపెనీ ఇచ్చిన నమూనాకి విరుద్ధంగా బండిని మార్చకూడదని చెప్పింది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజి నిబంధనల ప్రకారం యాభై ఏళ్ళు దాటిన బండి ఛాసిస్, బాడీ, ఇంజనులో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. మా బండికి 2028లో యాభై నిండుతాయి. నాన్నకి ఆ వీఏ నంబరు ప్లేటు మీద ఎప్పట్నుంచో కన్ను ఉంది, పైకి చెప్పడు.

ఆఖరికి మేం చేసింది ఇదీ. మాస్టర్‌ని ఆటోనగర్‌లో స్టెయిన్‌లెస్ స్లీవ్ వేయించాం, కొత్త కిట్టు. పాత వీల్ సిలిండర్లని బాబాయ్ పారెయ్యలేదు, అన్నీ ఒక పాత డాల్డా డబ్బాలో బ్రేక్ ఆయిల్ రాసి దాచాడు (నాకు చెప్పకుండా!). వాటిలో ఒకటి తప్ప అన్నీ హోనింగ్‌కి లొంగాయి, గోరు పెట్టి నేనే చూశా. ఆ ఒక్కదాని చోట, నేను తెప్పించిన కొత్తవాటిలో మంచిదాన్ని విప్పి కడిగి వేశాం. హోసులన్నీ కొత్తవి. డ్రమ్ములు లేత్ పట్టించడానికి వెనక ఎడమదానికి మందం సరిపోలేదు, అది వేరే పాతది వెతికి వేశాం. షూలకి పాత లైనర్లు తీసి కొత్తవి రివిట్ కొట్టించాం. ఆ పాత లైనర్ల దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదొద్దని మాత్రం గొడవపడి ఆపా. ఆ కాలపు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే మరి రాదు. తడిగుడ్డతో తుడిపించా. ఈసారి పెడల్ కింద చెక్కముక్క పెట్టా, ముందు దూరపు చక్రం, అంటే వెనక ఎడమది, తర్వాత వెనక కుడిది, అలా దగ్గరికి వస్తూ గాలి తీశాం.

ఖర్చు లెక్కేస్తే, అన్నీ కొత్తవి కొనడం కంటే తక్కువేం కాలేదు. స్లీవ్, లేత్, బాబాయ్ రోజులు, నేను రెండుసార్లు హైదరాబాదు నుంచి రావడం. రిపేరంటే చవక అనే మాట నిజం కాదు. రిపేరంటే ఎక్కువ చూడటం, అంతే. ఎవరైనా చవక కోసం బాగుచేయిస్తానంటే వద్దనే చెబుతా, పేరున్న కంపెనీవి కొనుక్కోమంటా. విప్పి చూడకుండా కొత్తది బిగించేవాణ్ణి ఎంత నమ్మాలో, వేలు పెట్టి చూడకుండా హోనింగ్ కొట్టేవాణ్ణీ అంతే నమ్మాలి.

నాన్నని మాత్రం ఒక విషయం అడిగా. మాస్టర్ విప్పనివ్వకపోతే ఆ రోజు నువ్వైనా ఎందుకు చెప్పలేదు అని. "నువ్వు పెద్ద ఇంజనీరువి కదరా, ఏదో లెక్క ఉండే ఉంటుందనుకున్నా" అన్నాడు. వెటకారమో, నిజంగానే అలా అనుకున్నాడో ఇప్పటికీ తెలీదు.

మిగిలిపోయిన కొత్త సిలిండర్ల పెట్టె పాకలోనే ఉంది. గీతలున్న రెండింటినీ వెనక్కి పంపడానికి గడువు దాటిపోయింది. పెట్టెలో నాన్న మేకులు పోసుకున్నాడు. ఈ ఏడు జాతరకి అక్కావాళ్ళని తీసుకురావడానికి మళ్ళీ నేనే వెళ్ళా. అమ్మ రానంది. మోకాళ్ళ నొప్పి అని చెప్పింది.